హరికథ క్యాసెట్ల నుంచి ఆడియో సీడీల దాకా: ఇంటి కంప్యూటరుకు బర్నింగ్ సాఫ్ట్‌వేరు ఎంపిక (ప్రాజెక్టు డైరీ)

శనివారం

మా ఊరి రామాలయం పందిట్లో శ్రీరామనవమి రోజుల్లో జరిగిన హరికథలను మా నాన్నగారు టేప్ రికార్డరుతో పట్టి దాచిన 90 నిమిషాల క్యాసెట్లు ఇంట్లో ఉన్నాయి. వాటిని ధ్వనిని రికార్డు చేసి సవరించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ద్వారా కంప్యూటరులోకి ఎక్కించి, ఒక్కొక్క కథను ఒక్కొక్క వేవ్ ఫైలుగా భద్రపరిచే పని పోయిన నెలలోనే పూర్తయింది. ఇక వాటిని సీడీలుగా రాయాలి. అందరూ ఫోనులోనే వింటున్న కాలంలో సీడీ ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగారు. అయితే తెనాలిలో ఉన్న మా మేనత్తకు ఫోను తెర మీద వెతుక్కుని వినే ఓపిక లేదు, ఆమె మ్యూజిక్ సిస్టమ్‌కు యూఎస్‌బీ లేదు. "పెన్‌డ్రైవూ గిన్‌డ్రైవూ నాకొద్దురా అబ్బాయ్, సీడీ పెట్టి మీట నొక్కితే కథ మొదలవ్వాలి, అంతే" అని ఆవిడ తేల్చి చెప్పారు. ప్రాజెక్టు మొత్తానికి కొలబద్ద ఆ మాటే.

పనిముట్ల విషయానికి వస్తే, విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటరు, అందులో పాత డీవీడీ రైటరు, పక్కన లినక్స్ వేసుకున్న ఒక ల్యాప్‌టాప్, దానికి తగిలించుకోవడానికి యూఎస్‌బీ రైటరు ఉన్నాయి. సాఫ్ట్‌వేరు నుంచి నాకు కావలసినవాటిని ముందే కాగితం మీద రాసుకున్నాను. పాత ప్లేయరులో పాడే అసలు సిసలు ఆడియో సీడీని అది రాయగలగాలి. కథను ట్రాకులుగా విడగొట్టినా వినేటప్పుడు ఎక్కడా తెగకూడదు. భద్రపరచడానికి వేరుగా రాసుకునే డేటా సీడీలో ఫైళ్ల పేర్లు తెలుగులో నిలవాలి. రాసినదాన్ని తిరిగి చదివి సరిచూసే సౌకర్యం ఉండాలి. ఉచితంగా దొరకాలి. తెర అందంగా ఉందా, డీవీడీ మెనూలు తయారుచేస్తుందా, వీడియోలు కత్తిరిస్తుందా అన్నవాటితో నాకు నిమిత్తం లేదు.

సాఫ్ట్‌వేరు జోలికి పోకముందే తేల్చుకోవలసిన లెక్క ఒకటి ఉంది. ఖాళీ సీడీ మీద 700 ఎంబీ అనీ 80 నిమిషాలనీ రెండూ రాసి ఉంటాయి. 80 నిమిషాల హరికథ వేవ్ ఫైలేమో 800 ఎంబీ దాటి కనబడుతుంది, దాంతో ఇది సీడీలో పట్టదని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి పడుతుంది. సీడీ మీద సెకనుకు 75 సెక్టర్లు, అంటే చిన్న చిన్న గదులు, ఉంటాయి. ఆడియోగా రాస్తే ఒక్కొక్క సెక్టరులో 2352 బైట్లు ధ్వనికే దక్కుతాయి. డేటాగా రాస్తే 2048 బైట్లే మనకు దక్కి, మిగిలిన 304 బైట్లు సెక్టరు గుర్తింపుకూ దోషాలను పట్టి సరిదిద్దే అదనపు సమాచారానికీ పోతాయి. ఆ అదనపు రక్షణ ఆడియో సీడీకి లేదు. సరిదిద్దలేనంత పెద్ద గీత పడిన చోట ప్లేయరు తన అంచనాతో ధ్వనిని పూడ్చుకుంటూ పోతుందే తప్ప, పోయిన అసలు విలువలను తిరిగి తేలేదు. అందువల్ల అత్తయ్యకు ఇచ్చేది ఆడియో సీడీగానూ, ఇంట్లో దాచుకునేది డేటా సీడీగానూ వేర్వేరుగా రాయాలని మొదటి రోజే నిర్ణయించుకున్నాను.

ఆదివారం

ముందుగా విండోస్‌లో ఉన్నదానితోనే పని జరుగుతుందేమో చూడాలి కదా. ఖాళీ సీడీ పెట్టగానే అది రెండు దారులు చూపిస్తుంది. మొదటిది పెన్‌డ్రైవులా వాడుకోవడానికి, రెండవది సీడీ లేదా డీవీడీ ప్లేయరులో వాడుకోవడానికి. మొదటి దారిలో యూడీఎఫ్ అనే ఫైలు పద్ధతి ఏర్పడుతుంది, ఎప్పటికప్పుడు ఫైళ్లు చేర్చుకోవచ్చు. పాత మ్యూజిక్ సిస్టమ్‌కు మాత్రం అది అర్థం కాదు. రెండవ దారి పేరు చూసి ఇదే మనకు కావలసిందని అనుకునే ప్రమాదం ఉంది కానీ, ఫైల్ ఎక్స్‌ప్లోరరు నుంచి ఆ దారిలో రాసినా తయారయ్యేది డేటా సీడీయే. అందులో వేవ్ ఫైళ్లు ఫైళ్లుగానే కూర్చుంటాయి తప్ప ట్రాకులుగా మారవు.

ఆడియో సీడీ కావాలంటే విండోస్ మీడియా ప్లేయరులోని బర్న్ విభాగానికి వెళ్లి, అక్కడ ఆడియో సీడీ అని ఎంచుకోవాలి. ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా రాసే అవకాశం దాని సెట్టింగుల్లోనే ఉంది. ట్రాకులన్నిటి శబ్దాన్నీ సమం చేసే సెట్టింగు కూడా అక్కడే ఉంది, హరికథకు దాన్ని తీసేయాలి. దాసుగారు మెల్లగా మొదలుపెట్టిన వచనం మీద నుంచి ఒక్కసారిగా కీర్తన ఎత్తుకున్నప్పుడు ఆ హెచ్చుతగ్గులే కథకు ప్రాణం. ఒక ట్రాకు మెల్లగా ఉందని సాఫ్ట్‌వేరు దాన్ని పెంచితే, ట్రాకు మారిన చోట గొంతు ఉన్నట్టుండి మారిపోతుంది.

సినిమా పాటలో భక్తి పాటలో వరుసగా పెట్టి సీడీ చేసుకునేవారికి ఈ ప్లేయరు చాలు, వేరే ఏదీ దించుకోనక్కరలేదు. నా పనికి అది సరిపోలేదు. ట్రాకు ఎక్కడ మొదలవ్వాలో నేను నిర్ణయించిన పట్టికను అది తీసుకోదు, సీడీకి కథ పేరు జోడించే సీడీ టెక్స్ట్ రాయదు, ఏ వేగంతో ఎలా రాసిందో చెప్పే వివరమైన లాగ్ ఇవ్వదు.

మంగళవారం

ఈ రోజంతా ట్రాకుల మధ్య ఖాళీ గురించే. సాఫ్ట్‌వేరు ఎంపికలో అసలు పీటముడి అక్కడే ఉంది.

సీడీ రాయడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ఒక్కొక్క ట్రాకు రాసి, లేజరును ఆపి, మళ్లీ మొదలుపెట్టేది ట్రాక్ ఎట్ వన్స్. ఇందులో ట్రాకుల మధ్య సాధారణంగా రెండు సెకన్ల నిశ్శబ్దం వస్తుంది. మొదటి నుంచి చివరి దాకా లేజరు ఆగకుండా ఒక్క ఊపులో రాసేది డిస్క్ ఎట్ వన్స్. పాటల సీడీకి ఏదైనా ఒకటే. మా రుక్మిణీ కల్యాణం క్యాసెట్టులో మాత్రం దాసుగారు "శ్రీమద్రమారమణ గోవిందో" అనగానే పందిట్లోని జనమంతా "హరి" అని అందుకుంటారు. అదే చోట ట్రాకు విడగొట్టి ట్రాక్ ఎట్ వన్స్‌లో రాస్తే, ఆ పిలుపుకూ బదులుకూ మధ్య రెండు సెకన్ల శూన్యం వచ్చి పడుతుంది. కాబట్టి డిస్క్ ఎట్ వన్స్‌ను స్పష్టంగా ఎంచుకోనివ్వని సాఫ్ట్‌వేరు ఏదైనా సరే, జాబితాలో నుంచి కొట్టేయవలసిందే.

అంతటితో సమస్య తీరలేదు. డిస్క్ ఎట్ వన్స్‌లో రాసినా ట్రాకు మారే చోట సూదితో గుచ్చినట్టు చిన్న 'టిక్' వినిపించే అవకాశం ఉంది. దాని వెనక ఉన్నది శుద్ధమైన లెక్క. సీడీ ధ్వనిలో సెకనుకు 44,100 నమూనాలు (ధ్వనిని కొలిచి రాసిన అంకెలు), సెకనుకు 75 సెక్టర్లు. భాగిస్తే సెక్టరుకు సరిగ్గా 588 నమూనాలు వస్తాయి. కథను నచ్చిన చోట కోసి వేరువేరు వేవ్ ఫైళ్లుగా భద్రపరిస్తే, ప్రతి ఫైలూ 588 గుణిజం దగ్గరే ముగియాలని ఏమీ లేదు. చివరి సెక్టరులో మిగిలిపోయిన చోటును సాఫ్ట్‌వేరు సున్నాలతో నింపుతుంది. ఆ నిశ్శబ్దం మహా అయితే సెకనులో 75వ వంతు. అయినా హార్మోనియం శ్రుతి ఆగకుండా మోగుతూ ఉన్నప్పుడు ఆ పాటి తెగుదల కూడా చెవికి తెలుస్తుంది.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, ఆడాసిటీలో ఎంపికను చూపే కొలతను 75 ఫ్రేముల సీడీడీఏ (ఆడియో సీడీ) పద్ధతికి మార్చి (ఇక్కడ ఫ్రేమంటే సెక్టరే), కోతను దగ్గరి హద్దుకు జరిపే స్నాప్ సౌకర్యాన్ని పెట్టుకుంటే, ఎక్కడ కోసినా కోత సెక్టరు హద్దు మీదే పడుతుంది. రెండవది నాకు ఎక్కువగా నచ్చింది. కథ మొత్తాన్ని ఒకే పొడవాటి వేవ్ ఫైలుగా ఉంచేసి, ట్రాకులు ఎక్కడెక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న క్యూ ఫైలును నోట్‌ప్యాడ్‌లో రాసుకోవడం. అందులో ప్రతి ట్రాకు కింద 07:42:31 లాంటి అంకెలు ఉంటాయి. అవి వరుసగా నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు. చివరి జంట ఎప్పుడూ 74 దాటదు, ఎందుకంటే 75 అయ్యేసరికి సెకను పూర్తవుతుంది. ధ్వనిని ఎక్కడా కోయము కాబట్టి సున్నాలు చొరబడే సందే లేదు. ఇంకొక లాభం కూడా ఉంది. అత్తయ్య విని, రుక్మిణి సందేశం ఇంకొంచెం ముందు నుంచి మొదలైతే బాగుండునని అంటే, ధ్వని ఫైలు జోలికి పోకుండా క్యూలో ఒక్క అంకె మారిస్తే చాలు.

నా షరతుల కాగితంలో కొత్త పంక్తి చేరింది: క్యూ ఫైలును తీసుకుని, డిస్క్ ఎట్ వన్స్‌లో రాయగలగాలి.

బుధవారం

ఈ కొత్త షరతుతో చూస్తే విండోస్ వైపు బరిలో నిలిచినవాటిలో మొదటిది ఇమ్‌గ్‌బర్న్. దీని చివరి వెర్షను 2.5.8.0, 2013లో వచ్చింది. ఇంత పాతదాన్ని నమ్మవచ్చా అని మా తమ్ముడు సందేహపడ్డాడు. బ్రౌజరు విషయంలోనో బ్యాంకు యాప్ విషయంలోనో అయితే ఆ సందేహం న్యాయమే. ఆడియో సీడీ నియమావళి ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో తెచ్చిన రెడ్ బుక్‌ది. రాసుకునే సీడీ నియమావళి 1990 నాటి ఆరెంజ్ బుక్‌ది. సీడీ మారలేదు, రైటరుకు ఆదేశాలు ఇచ్చే తీరూ పెద్దగా మారలేదు, కాబట్టి 2013 సాఫ్ట్‌వేరు ఇప్పటికీ అదే పనిని అలాగే చేస్తుంది. ఈ వ్యవహారంలో వయసు మీద పడుతున్నది రైటరు లోపలి లేజరుకు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త ఒకటుంది. ఇది ఏ ఒక్క సాఫ్ట్‌వేరుకో పరిమితమైనది కాదు. ఉచిత సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాలర్లలో మనం అడగని టూల్‌బార్లూ యాంటీవైరస్ ప్రకటనలూ తోడు వస్తూ ఉంటాయి. దించుకునే సైట్లలో 'డౌన్‌లోడ్' అని పెద్ద అక్షరాలతో మెరిసేది చాలాసార్లు ప్రకటనే అయి ఉంటుంది. తయారీదారు సొంత పేజీ నుంచే దించుకోవాలి, 'నెక్స్ట్' మీట వరసపెట్టి నొక్కకుండా కస్టమ్ దారిలో వెళ్లి ప్రతి టిక్కునూ చదవాలి.

ఇమ్‌గ్‌బర్న్ తెర చూడడానికి ఏమంత ముచ్చటగా ఉండదు, ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తు ఫారంలాగా ఉంటుంది. అయితే అడిగిన ప్రతి వివరమూ అందులో ఉంది. ఖాళీ సీడీ పెట్టగానే కుడి పక్కన ఆ డిస్కు గాడిలో ముందే ముద్రించి ఉన్న సమాచారాన్ని, అంటే ఏటీఐపీని చదివి చూపిస్తుంది. అసలు తయారీదారును సూచించే సంకేతం, డిస్కు ఒప్పుకునే వేగాలు, 79 నిమిషాల పైచిలుకు నిడివి అక్కడే కనిపిస్తాయి. పెట్టె మీద ఉన్న బ్రాండు పేరూ లోపలి తయారీదారూ ఒకటే కావాలని లేదని ఇక్కడే తెలుస్తుంది. మన దేశంలో ఒకప్పుడు ఏ ఫ్యాన్సీ షాపులో చూసినా మోజర్ బేర్ సీడీలే కనిపించేవి. 2018లో ఆ సంస్థను లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసివేయడానికి, పంపుతూ జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఆదేశాలిచ్చింది. కాబట్టి అంగళ్లలో దొరికే సీడీలు ఎన్నేళ్ల నిల్వ సరుకో అడిగి తీసుకోవడం మంచిది.

క్యూ ఫైలు ఇచ్చి, రాసే విధానం దగ్గర డీఏఓ (డిస్క్ ఎట్ వన్స్) ఉన్నట్టు చూసుకుని, వేగం మామూలుగా పాడే వేగానికి 16 రెట్లు పెట్టాను. రాస్తున్నంతసేపూ కింద రెండు పట్టీలు కదులుతూ ఉంటాయి. ఒకటి సాఫ్ట్‌వేరు తన దగ్గర నిల్వ ఉంచుకున్న ధ్వని, రెండవది రైటరు లోపలి బఫరు, అంటే తాత్కాలిక నిల్వ. ఈ రెండవది ఖాళీ అయితేనే చిక్కు. 1990లలో అలా ఖాళీ అయిన ప్రతిసారీ ఒక సీడీ చెత్తబుట్టకు చేరేది. ఆ తరువాత శాన్యో తెచ్చిన బర్న్ ప్రూఫ్ వంటి ఏర్పాట్ల వల్ల లేజరు ఆగి, అదే చోటు నుంచి మళ్లీ అందుకోగలుగుతున్నది. అయితే అది కంప్యూటరు నెమ్మదించినప్పుడు కాపాడుతుందే గానీ కరెంటు పోయినప్పుడు కాదు. వేసవిలో మా వైపు ఎప్పుడు సరఫరా ఆగుతుందో చెప్పలేము కనుక కంప్యూటరును యూపీఎస్ మీద పెట్టకుండా సీడీ మొదలుపెట్టను.

గురువారం

సీడీబర్నర్‌ఎక్స్‌పీ వంతు. పేరులో ఎక్స్‌పీ ఉన్నా విండోస్ 10లో చక్కగా పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ అనే తోడు సాఫ్ట్‌వేరు కావాలి, విండోస్ 10లో అది ముందే ఉంటుంది. పైన ఫైళ్లు, కింద సీడీలో చేరవలసినవి, లాగి పడేయడమే. ట్రాకుల మధ్య ఖాళీ ఉంచాలా వద్దా అన్నది మన చేతుల్లోనే ఉంది. తమ్ముడి ఇంటి కంప్యూటరులో ఇదే పెట్టించాను. వాడికి క్యూ ఫైలు రాయమంటే ఆ పని ఇక ఈ జన్మకు జరగదు. ముందే సెక్టరు హద్దు మీద కోసిన ఫైళ్లను వాడికి పంపితే, సీడీబర్నర్‌ఎక్స్‌పీలో వరుసగా పేర్చుకుని, ఖాళీ తీసేసి రాసుకుంటాడు.

ఇన్‌ఫ్రారికార్డర్‌ను కూడా తెరిచాను. తేలికైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు, లోపల పని చేసేది సీడీఆర్‌టూల్స్ అనే పనిముట్ల కట్ట. నా అవసరాలకు మొదటి రెండింటి కన్నా ఇందులో ఎక్కువేమీ కనిపించలేదు, పక్కన పెట్టాను.

నీరో గురించి తప్పకుండా అడుగుతారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరులో సీడీ రైటరు కొనుక్కున్న తరానికి సీడీ రాయడం అంటే నీరోలో రాయడమే. రైటరు పెట్టెలోనే దాని సీడీ వచ్చిన రోజులవి. జర్మనీకి చెందిన ఆ సాఫ్ట్‌వేరు ఇప్పటికీ వస్తున్నది, డిస్క్ ఎట్ వన్స్ కూడా అందులో ఉంది. డబ్బు పెట్టి కొనాలి. ఇంట్లో ఏడాదికి పది సీడీలు రాసుకునేవారికి ఆ ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం. స్నేహితుల దగ్గర తిరిగే దొంగ కాపీల సంగతి చెప్పనే అక్కరలేదు, వాటితో పాటు ఇంకేం వస్తుందో ఎవరికీ తెలియదు.

శుక్రవారం

ల్యాప్‌టాప్ లినక్స్‌లో కే3బీ. ఇది కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్ కుటుంబానికి చెందిన సీడీలు రాసే సాఫ్ట్‌వేరు. స్వయంగా లేజరును నడపదు, వెనక ఉన్న సీడీరికార్డ్, సీడీఆర్‌డావో వంటి కమాండు పనిముట్లకు పని అప్పగిస్తుంది. సీడీరికార్డ్‌ను చాలా ఏళ్లు నడిపినవారు యోర్గ్ షిల్లింగ్. లైసెన్సు మీద వచ్చిన వివాదంతో 2006లో డెబియన్ అనే లినక్స్ రకాన్ని తయారుచేసే వర్గం దాని నుంచి విడిపోయి వోడిమ్ అనే శాఖను పెట్టుకుంది. ఇంటి వాడుకరికి ఈ చరిత్ర ఎందుకంటే, ఒకే కే3బీ రెండు కంప్యూటర్లలో రెండు రకాలుగా ప్రవర్తిస్తే కారణం ఇక్కడ ఉండవచ్చు. సెట్టింగుల్లోకి వెళ్లి వెనక ఏ పనిముట్టు ఉందో చూస్తే సంగతి తెలుస్తుంది. సీడీఆర్‌డావో డిస్క్ ఎట్ వన్స్ కోసమే పుట్టినది కనుక ఆడియోకు దాన్నే ఎంచుకున్నాను.

కే3బీ ఆడియో ప్రాజెక్టులో సీడీ టెక్స్ట్ వివరాలు నింపడం ఎంతో సులువు. అక్కడే తెలుగు ప్రశ్న ఎదురవుతుంది. సీడీ టెక్స్ట్ నియమాలు ఏర్పడిన నాటికి అందులో లాటిన్ అక్షరాలకూ జపనీయానికీ చోటిచ్చారే తప్ప మన లిపులకు ఇవ్వలేదు. ఏ సాఫ్ట్‌వేరు వాడినా ఇందులో మార్పు ఉండదు కాబట్టి, కథ పేరును ఇంగ్లీషు అక్షరాలలోనే రాశాను. అత్తయ్య సిస్టమ్ ఎలాగూ ట్రాకు అంకె తప్ప మరేమీ చూపదు.

డేటా సీడీ దగ్గర సంగతి వేరు. డేటా సీడీలో ఫైళ్ల అమరికకు మూల నియమావళి అయిన ఐఎస్‌ఓ 9660 ఒక్కటే పెడితే తెలుగు పేర్లు నిలవవు, అండర్‌స్కోరులుగానో మరొకటిగానో మారిపోతాయి. దానికి మైక్రోసాఫ్ట్ తెచ్చిన జోలియెట్ తోడు చేస్తే తెలుగు పేర్లు నిలుస్తాయి, హద్దు 64 అక్షరాలు. ఇక్కడ అక్షరమంటే మనం బడిలో చదువుకున్న అక్షరం కాదు. 'రుక్మిణీకల్యాణం' అన్నది మన కంటికి ఆరు అక్షరాలే అయినా, గుణింతపు గుర్తులూ పొల్లులూ విడివిడిగా లెక్కపెట్టే కంప్యూటరుకు అది 15. కథ పేరు, దాసుగారి పేరు, ఊరు, సంవత్సరం, క్యాసెట్టు వైపు అన్నీ ఫైలు పేరులోనే కుక్కితే 64 ఇట్టే నిండిపోయి తోక తెగుతుంది. యూనిక్స్ లోకానికి చెందిన రాక్ రిడ్జ్‌లో 255 బైట్ల దాకా అవకాశం ఉంది కానీ తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది, పైగా విండోస్ దాన్ని పట్టించుకోదు. కనుక ఫైలు పేరును పొట్టిగా 'రుక్మిణీకల్యాణం_ఎ' అని పెట్టి, వివరాలన్నీ అదే ఫోల్డరులో ఒక టెక్స్ట్ ఫైలులో రాశాను. ఇమ్‌గ్‌బర్న్, కే3బీ రెండింటిలోనూ ఐఎస్‌ఓ 9660తో పాటు జోలియెట్ పెట్టి రాసి చూశాను. పేర్లు రెండు కంప్యూటర్లలోనూ చక్కగా తెరుచుకున్నాయి.

డేటా సీడీలో వేవ్ బదులు ధ్వనిని కుదించి దాచే ఫ్లాక్ రకం ఫైళ్లు పెట్టాను. నాణ్యత రవ్వంత కూడా తగ్గకుండా పరిమాణం సుమారు సగానికి దిగుతుంది. ధ్వని మొత్తానికి లెక్కకట్టిన ఎండీ5 ముద్ర ప్రతి ఫ్లాక్ ఫైలు తలలోనే ఉంటుంది కాబట్టి, పదేళ్ల తరువాత ఎవరు తెరిచినా ఫైలు చెడిందా లేదా అన్నది అసలు ప్రతి లేకుండానే తేల్చుకోవచ్చు.

శనివారం

సరిచూసే రోజు. డేటా సీడీల విషయంలో చెప్పడానికి ఏమీ లేదు. రాసిన తరువాత సరిచూడు అన్న గడిలో టిక్కు పెడితే సాఫ్ట్‌వేరే బైటు బైటూ పోల్చి ఫలితం చెబుతుంది.

ఆడియో సీడీని అలా పోల్చడం కుదరదు. రైటర్లు రాసేటప్పుడూ చదివేటప్పుడూ ధ్వనిని కొన్ని నమూనాలు ముందుకో వెనక్కో జరుపుతాయి. వినడానికి తేడా ఏమీ ఉండదు, ఫైళ్లు పోల్చితే మాత్రం మొదటి బైటు నుంచే వేరుగా కనబడతాయి. అందుకని రాసిన సీడీని ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేరుతో తిరిగి కంప్యూటరులోకి లాగి, ఆడాసిటీలో అసలు ఫైలు కింద దాన్ని పెట్టి, అలలు కలిసేదాకా జరిపి, ఒకదాన్ని తలకిందులు చేసి రెండూ కలిపాను. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని గీత చదునుగా మిగలాలి. ఇమ్‌గ్‌బర్న్ సీడీకీ కే3బీ సీడీకీ చదును గీతే వచ్చింది. మీడియా ప్లేయరుతో రాసిన సీడీలో శబ్దం సమం చేసే సెట్టింగు తీసేశాక, ఒక్కొక్క ట్రాకునూ విడిగా జరిపి పోలిస్తే అది కూడా చాలా మేరకు కలిసింది కానీ, ట్రాకులు మారే చోట్ల సన్నని పుల్లల్లాంటి గీతలు నిలబడ్డాయి. వేరువేరు ఫైళ్లు ఇచ్చినందువల్ల చివరి సెక్టర్లలో చేరిన సున్నాలు అవి.

ఈ ప్రయోగాలకు చెరిపి రాసుకునే సీడీ ఆర్‌డబ్ల్యూలు వాడుకున్నాను. మ్యూజిక్ సిస్టమ్‌లో పరీక్షకు మాత్రం అవి పనికిరావు. ఆర్‌డబ్ల్యూ నుంచి తిరిగి వచ్చే లేజరు కాంతి మామూలు సీడీతో పోలిస్తే చాలా తక్కువ, అందువల్ల పాత ప్లేయర్లు చాలావరకు వాటిని గుర్తించవు. తెనాలికి తీసుకువెళ్లేవి తప్పనిసరిగా ఒక్కసారే రాయగల సీడీ ఆర్‌లే కావాలి, అవీ ముగింపు చేసినవై ఉండాలి. తరువాత ఏదైనా చేర్చుకోవచ్చునని సెషను తెరిచి ఉంచితే కంప్యూటరు చదువుతుంది, మ్యూజిక్ సిస్టమ్ 'నో డిస్క్' అంటుంది.

ఆదివారం, తెనాలి

మూడు సీడీలు, మూడూ రుక్మిణీ కల్యాణమే, పైన మార్కరు పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని మాత్రమే రాసి తీసుకువెళ్లాను. కాగితం స్టిక్కరు అంటించలేదు. అది కాస్త పక్కకు పడినా తిరిగేటప్పుడు డిస్కు ఊగుతుంది. ఏది దేనితో రాసినదో చెప్పకుండా అత్తయ్యను వినమన్నాను. మూడూ పాడాయి. ఒకటవ దాంట్లో "ఇక్కడ ఏదో చిటుక్కుమందిరా" అని ఆవిడ చేయి ఎత్తిన చోటు, మీడియా ప్లేయరు సీడీలో రెండవ ట్రాకు మొదలయ్యే చోటే. రెండు, మూడు సీడీలకు తేడా ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

48 రెట్ల వేగంతో రాసిన నాలుగవ సీడీ కూడా వెంట ఉంది. అది మొదలు కావడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది, చివరి ట్రాకులో ఒకచోట తడబడింది. ఆ వేగంలో రాసేటప్పుడు 48 అన్నది డిస్కు వెలుపలి అంచు దగ్గరే అందుతుంది, చివరి ట్రాకులు ఉండేదీ అక్కడే. 16 రెట్లకు నిండు సీడీ అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. 48తో మిగిలేది రెండు మూడు నిమిషాలే కాబట్టి ఆ ఆత్రం అనవసరం. మరీ తగ్గించి నాలుగు రెట్లు పెడదామన్నా ఇప్పటి రైటర్లు చాలావరకు అంత కిందికి దిగవు.

సోమవారం

డెస్క్‌టాప్‌లో ఇమ్‌గ్‌బర్న్ స్థిరపడింది. ఒకే వేవ్, దానికో క్యూ, డిస్క్ ఎట్ వన్స్, 16 రెట్లు. డేటా సీడీలకూ అదే, ఐఎస్‌ఓ 9660తో జోలియెట్, రాశాక సరిచూడటం. ధ్వనిలో కే3బీ ఏమీ తీసిపోలేదు. ఇంట్లో అందరూ వాడే కంప్యూటరు విండోస్‌ది కావడం, నేను లేనప్పుడు కూడా క్యూ ఫైలు మీద రెండుసార్లు నొక్కి సీడీ రాసుకోగలగడం, ఈ రెండూ తూకాన్ని ఇటు వంచాయి. లినక్స్ మాత్రమే ఉన్నవారికి కే3బీ ఉండగా మరొకటి వెతకవలసిన పని లేదు.

క్యూ ఫైళ్లనూ లాగ్‌లనూ ఫ్లాక్‌ల పక్కనే పెట్టి, ఆ ఫోల్డరును బయటి హార్డ్ డిస్కులోకి కూడా నకలు తీశాను. మిగిలిన క్యాసెట్లలో సీతా కల్యాణం బి వైపు టేపు సాగిపోయి శ్రుతి కిందికి జారుతున్నది. దాని వేగాన్ని ఆడాసిటీలో సరిచేయాలంటే ముందు హార్మోనియం ఏ శ్రుతిలో ఉందో తేలాలి. అత్తయ్యగారి పక్కింట్లో సంగీతం చెప్పే మాస్టారు వచ్చే ఆదివారం విని చెబుతానన్నారు. అందాకా ఆ ఒక్క సీడీ ఆగుతుంది, మిగతావి ఈ వారంలో రాసేస్తాను.